బోర్లించిన ఫిల్టరు

పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, ముందు కప్పు, తర్వాత అద్దాలు, తర్వాత బానెట్, తలుపులు, అన్నిటికన్నా ఆఖరున చక్రాలు, ఎందుకంటే కారుకి మురికంతా కిందే ఉంటుంది, కింద తుడిచిన గుడ్డ పొరపాటున పైకి వచ్చిందంటే అందులోని ఇసక రంగు మీద గీతలు గీసేస్తుంది. ఇది ఓరిన్ నాకు పెళ్ళైన కొత్తలో చెప్పిన మాట. ఆ వెంటనే ఇంకేమైనా చెబుతాడేమోనని కాస్త ఎదురుచూసినట్టు గుర్తు. చెప్పలేదు. నలభై ఒక్కేళ్ళలో మా ఆయన నాతో మనసు విప్పి మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే అందులో సగం కారు షాంపూ గురించే ఉంటాయి, మిగతా సగం ఆ షాంపూ బదులు నేను గిన్నెల సబ్బు వాడిన రోజు గురించి. రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకదాంట్లో నురగ, ఒకదాంట్లో మామూలు నీళ్ళు, గుడ్డని ప్రతిసారీ మామూలు నీళ్ళలో జాడించాకే నురగలో ముంచాలి, జాడిస్తున్నాను, ముంచుతున్నాను, నా చిన్న తెల్ల కారు కప్పు మీద చెయ్యి దానంతటదే తిరుగుతోంది, టైము ఎనిమిదీ నలభై. ఓరిన్ ఎనిమిదింటికి బయల్దేరాడు. నీలం కారులో, బెమిడ్జీకి, తమ్ముడు వెర్నర్ ఇంటికి. ఆ తమ్ముడితో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నూట పదిహేను మైళ్ళు, ఎవరికైనా రెండు గంటలు, ఈయనకి రెండున్నర, యాభై అయిదు దాటడు, వెనక ఎవరైనా హారన్ కొడితే పాపం వాళ్ళకి ఒంట్లో బాగాలేదేమో అంటాడు.

ఏప్రిల్ ఆఖరు, ఎండ ఒంటికి తగిలిన మొదటి శనివారం. లిటిల్ ఫాల్స్‌లో ఇలాంటిది ఏడాదికి ఒకటే వస్తుంది, ఆ రోజు వీధి వీధంతా కార్లు బయటికి లాగి చలికాలాన్ని కడిగేస్తుంది. అయిదు నెలలు రోడ్ల మీద చల్లిన ఉప్పు కార్ల కడుపుకి పట్టి ఉంటుంది, పైన ఎంత తోమినా అది పోదు, అందుకని గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టాన్ని కారు కిందికి తోసి గంటసేపు వదిలేస్తాం, కారు కింద వాన పైకి కురుస్తూ ఉంటుంది. ఎదురింటి డ్వేన్ తన పికప్ కింద అది పెట్టుకుని, మడత కుర్చీలో కాఫీతో కూర్చుని, పని చేస్తున్నవాడి మొహం పెట్టుకున్నాడు. "ఏం మార్లిస్, కారు దగ్గర నువ్వు కనబడుతున్నావు, మీ ఆయన్ని వదిలేశావా" అన్నాడు ఇందాక. "అద్దెకిచ్చాను, సాయంత్రానికి తెచ్చి దింపుతారు" అన్నాను. "ఎవరు తీసుకున్నారు, పాపం." "వాళ్ళకింకా తెలీదు." డ్వేన్ కుర్చీ కాస్త కదిలింది. మా వీధిలో నవ్వడమంటే అంతే, కుర్చీ కదిలితే చాలు, నోరు కదలనక్కర్లేదు.

వాళ్ళకింకా తెలీదు. నిజమే. వెర్నర్‌కి ముందే ఫోన్ చేసి చెప్పమన్నాను, చెబితే వాడు గరాజు సర్దుకుంటాడు అన్నాడు ఓరిన్, అది కారణం కాదు, చెప్పకుండా వెళితే చెప్పకుండానే వెనక్కి రావచ్చు, అది కారణం. వాకర్ ఊరి దాకా వెళ్ళి, సరస్సు ఒడ్డున కారాపి, కాఫీ తాగి, వెనక్కి తిరిగి వచ్చి, రోడ్డు బాగానే ఉంది అని చెప్పగల మనిషి. నన్ను తోడు రమ్మనలేదు. "నువ్వొస్తే నువ్వే మాట్లాడేస్తావు" అన్నాడు. అందులో కొంత న్యాయం ఉంది కాబట్టి ఊరుకున్నాను. ఆ మాత్రం బయల్దేరదీయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. డిసెంబరులో తుంటికి ఆపరేషన్ అయ్యాక, మత్తు దిగుతుండగా, కళ్ళు తెరవకుండానే "చిన్నోడొచ్చాడా" అని అడిగాడు. చిన్నోడు వెర్నర్‌కి అరవై నాలుగేళ్ళు. మర్నాడు ఆ మాట చెబితే నేననలేదన్నాడు, నర్సు కూడా వింది అంటే, మత్తులో ఉన్నవాడి మాట ఏ కోర్టులోనూ చెల్లదు అన్నాడు. జనవరంతా కోర్టులోనే ఉన్నాం. ఫిబ్రవరిలో మెత్తబడి, వెళతాను గానీ వైపర్లు అద్దాన్ని గీకుతున్నాయి, ఆ వైపర్లతో అంత దూరం ఎలా అన్నాడు. నేను వైపర్లు మార్చాను. తర్వాత వారం టైర్లలో గాలి చూడాలన్నాడు. చూశాను, తెల్లారి బండి కదలకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే, తను నేర్పినట్టే. తర్వాత అద్దం మీద చిమ్మే నీళ్ళు. తర్వాత ముందు దీపాలు మసకబారాయి అన్నాడు, వాటిని పళ్ళ పేస్టుతో తోమి తళతళలాడించాను, రెండు రోజులు ఆ కారు దగ్గర పుదీనా వాసనొచ్చింది, దానికి ఓరిన్ చాలా బాధపడ్డాడు. తర్వాత చలికాలం టైర్లు విప్పాలి, తర్వాత ఉప్పు కడగాలి, కడిగాక మైనం పట్టించాలి, అదీ నీడలోనే, ఎండలో పెడితే మరకలు కడతాయి. అన్నీ చేశాను. తుంటి బాగయ్యి నడుపుతున్నాడు గానీ వంగి చేసే పనులు తనవల్ల కావు. ఒక్కొక్క సాకునే పట్టుకుని, దానికి స్క్రూ బిగించి, తుడిచి, పక్కన పెట్టాను. ఇంక మిగిలింది ఆయిలు. ఇంజన్ ఆయిలు మార్చాలి మరి, అన్నాడు మొన్న గురువారం, ఊపిరి పీల్చుకుంటూ, ఎందుకంటే అది కారు కింద పడుకుని చేసే పని, అది నావల్ల కాదనుకున్నాడు.

కప్పు అయింది. అద్దాలు. ఈ అద్దాల మీద ఏదో చెట్టు జిగురు, ఇంకా చిగుర్లే లేవు, అప్పుడే జిగురా, నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదువుకున్నాను, ఈ జిల్లాలో కారు అద్దం మీద పడ్డ జిగురు ఏ చెట్టుదో చూసి చెప్పగల ఆడది నేనొక్కదాన్నే, ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ అవసరపడలేదు. పాప్లర్. నిన్న నీలం కారుకి కూడా ఇదే అంటింది, గోరుతో గీకకూడదు, తడిగుడ్డ పరిచి నాననివ్వాలి. నిన్న నేను చాలా బాగా చేశాను. అది పదే పదే అనుకుంటున్నానని ఇప్పుడే గమనించాను. బాగా చేసినవాళ్ళు ఇన్నిసార్లు అనుకోరు.

వాళ్ళ గొడవకి కారణం కూడా ఒక బండే. మా మామగారి పాత ట్రక్కు. ఆయన ఎండాకాలం అంతా కిటికీ దించి, ఎడమ మోచెయ్యి తలుపు మీద ఆనించి నడిపేవారు, నలభై ఏళ్ళు, ఒకే మోచెయ్యి, ఒకే చోట. అక్కడ ఆకుపచ్చ రంగు అరిగి, దాని కింది బూడిదరంగు పూత అరిగి, ఆఖరికి ఇనుము బయటపడి చెంచా లోపలి వైపులా నున్నగా మెరిసేది. ఆయన పోయినప్పుడు వెర్నర్ మూడు రోజులు తిండి మానేసి ఆ ట్రక్కుని గీకి, నునుపు చేసి, కొత్త రంగు వేసి చర్చి ముందుకి తెచ్చి నిలబెట్టాడు, నాన్న కోసం. అద్దంలా ఉంది. వచ్చినవాళ్ళంతా చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. ఓరిన్ డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాడు. "నాన్న చెయ్యి చెరిపేశావు" అన్నాడు. "వదిలేస్తే తుప్పు పట్టేది" అన్నాడు వెర్నర్. అంతే. మా వైపు వాళ్ళ గొడవలు అలాగే ఉంటాయి, చెరో వాక్యం, తర్వాత తొమ్మిదేళ్ళు. ఇద్దరూ నిజమే చెప్పారు, అదే చిక్కు, రోజూ మోచెయ్యి ఆనినంత కాలం అక్కడ తుప్పు పట్టదు, ఆనించే మనిషి పోయాక పట్టకుండా ఉండదు. ఆ తర్వాత క్రిస్మస్ కార్డులు మాత్రం ఆగలేదు. ఇక్కడ ఓరిన్ సంతకం నేను పెట్టేదాన్ని, అక్కడ వెర్నర్ సంతకం నా తోటికోడలు ఆర్డిస్ పెట్టేది, నాకు తెలుసని దానికీ తెలుసు, దానికి తెలుసని నాకూ తెలుసు, రాను రాను వెర్నర్ చేతిరాత బాగుపడింది.

బానెట్. నిన్న మధ్యాహ్నం, కారుని పైకెత్తి నిలిపే రెండు ఏటవాలు ఇనప దిమ్మల మీదికి నీలం కారు ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకి చెక్కముక్కలు అడ్డం పెట్టి, కార్డుబోర్డు పరిచి, నేను వెల్లకిలా కిందికి జారాను. ఓరిన్ కుర్చీ తెచ్చుకుని నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ కింద తను, పైన నేను, కాఫీ కావాలా అని అడగడం నా పని, ఇప్పుడు తారుమారయ్యేసరికి తనకి కాఫీ సంగతి గుర్తురాలేదు గానీ మిగతావన్నీ గుర్తొచ్చాయి. ఆ నట్టు కాదు, పక్కది, ఆ పక్కది గేరు ఆయిలుది, అది విప్పావంటే అయిపోయాం. ఎడమకి తిప్పు. నీ ఎడమ కాదు. పడుకున్నప్పుడు నీ ఎడమ. ఆయిలు పట్టే పాన్ ఇంకొంచెం ముందుకి జరుపు, మొదట దూరంగా పడుతుంది. మోచేతి దాకా వేడి ఆయిలు కారుతుంటే, నేను కారు కింద నుంచి చాలా మృదువుగా "ఓరిన్, నువ్వు లోపలికెళ్ళి ఆటల వార్తలు చూసుకో" అన్నాను. "నేను చూస్తుంటే నష్టమేంటి?" "నష్టం నాకు కాదు, నీకు. నా చేతిలో రెంచీ ఉంది." వెళ్ళాడు. వెళ్ళి, వంటింటి తలుపు తీసి, అక్కణ్ణుంచి అడుగుతున్నాడు, అది చూశావా, ఇది చూశావా, ఒకదాని తర్వాత ఒకటి, నేను ప్రతిదానికీ చూశాను చూశాను అంటున్నాను, భక్తులు ఆమెన్ అన్నట్టు.

ఏవేవి అడిగాడు. నట్టుకి కొత్త వాషర్ వేశావా అని అడిగాడు, వేశాను. కొత్త ఫిల్టరు రింగుకి వేలితో ఆయిలు రాశావా, రాశాను, చుట్టూ, కేకు గిన్నెకి వెన్న రాసినట్టు. చేత్తో బిగించు, రెంచీతో వద్దు. చేత్తోనే. పాతదాని రింగు వచ్చిందా. చూశాను అన్నాను.

చూశానా.

కారుకున్న ఆయిలు ఫిల్టరు చిన్న కాఫీ డబ్బాలా ఉంటుంది, దాని మూతి చుట్టూ నల్లటి రబ్బరు రింగు. పాతది తిప్పి ఊడదీస్తే రింగు దాంతోపాటే రావాలి, పదిసార్లలో తొమ్మిదిసార్లు వస్తుంది, పదోసారి వేడికి ఇంజనుకే అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, నలుపు మీద నలుపు, కనపడదు. అది చూడకుండా కొత్తది బిగించేస్తే రింగు మీద రింగు కూర్చుంటుంది. ఇంటి ముందు స్టార్టు చేసి చూస్తే చుక్క కారదు, నిన్న మేం అయిదు నిమిషాలు చూశాం, కారలేదు, ఓరిన్ "బాగానే చేశావు" అన్నాడు, ఆ మాటకి నేను రాత్రంతా బరువు లేకుండా పడుకున్నాను. కానీ హైవే మీద ఇంజను వేడెక్కి ఆయిలు ఒత్తిడి పెరిగాక ఆ రెండు రింగులూ ఒకదాని మీంచి ఒకటి జారతాయి, అప్పుడు చుక్కలు చుక్కలుగా కారదు, అయిదు లీటర్లూ ఒక్కసారే రోడ్డు పాలవుతుంది, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది, వెలిగిన నిమిషంలో ఇంజను ఆపకపోతే ఇక ఆ ఇంజనుతో పని ఉండదు. ఇది సొంతంగా ఆయిలు మార్చుకునేవాళ్ళు మాత్రమే చేయగల తప్పు, పైగా రింగు సంగతి తెలిసినవాళ్ళు కూడా చేస్తారు. దుకాణంలో ఇచ్చి పక్కన కూర్చునేవాళ్ళకి దీనికి అర్హత లేదు. నాకు నిన్న మధ్యాహ్నం రెండింటికి ఆ అర్హత వచ్చిందా లేదా అన్నది తేల్చడం చాలా తేలిక. పాత ఫిల్టరు గరాజులో పాన్ అంచు మీద బోర్లించి ఉంది, ఒక రోజంతా అలా బోర్లిస్తే గానీ అందులో మిగిలిన ఆయిలు దిగదు. పది అడుగులు. తిప్పి చూడటమే.

తలుపులు అయ్యాక చూద్దాం. ఎడమ తలుపు. నురగ ఎండిపోతే మరకలు పడతాయి కదా, మధ్యలో వదిలి వెళ్ళకూడదు. చూసినంత మాత్రాన ఏం చేస్తాను, ఓరిన్ ఫోన్ డాష్‌బోర్డు అరలో ఉంటుంది, ఆపేసి ఉంటుంది, చార్జి దాచుకుంటాడు, ఎందుకోసమో ఇంతవరకూ చెప్పలేదు. అయినా ఒకసారి జేబులోంచి ఫోన్ తీసి, మోచేత్తో నురగ తుడుచుకుని, చేసి చూశాను. ఈ నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు. ఆ ఆడమనిషి గొంతులో నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇప్పుడు బ్రెయినర్డ్ దాటి ఉంటాడు. పైన్ రివర్ దాటితే రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఎప్పుడైనా అరవై ముట్టుకుంటే అక్కడే ముట్టుకుంటాడు, లేదా ఈ రోజు మరీ నెమ్మదిగా వెళతాడేమో, తలుపు కొట్టాక ఏమనాలో వెతుక్కుంటూ. వెతుక్కుంటూ ఉంటే ఎర్ర దీపం కనబడుతుందా. దారిలో బండి ఆగిపోతే మనిషికి ఏమీ కాదు, అది నాకు తెలుసు, ఎండగా ఉంది, ఎవరో ఒకరు ఆపుతారు, ఈ రాష్ట్రంలో ఆగిన కారు పక్కన ఆపకుండా పోయేవాడు చర్చిలో తలెత్తుకోలేడు. కానీ ఓరిన్ వెళ్ళడు. అదే నా భయం. లాగే బండి పిలిపించుకుని, అందులో కూర్చుని ఇంటికొచ్చేస్తాడు, వచ్చి, దేవుడికి ఇష్టం లేదు అంటాడు, తనకి నమ్మకాలు తక్కువే గానీ, దేవుడు ఇంజన్ ఆయిలు ద్వారా మాట్లాడితే మాత్రం వింటాడు. ఇంకో తొమ్మిదేళ్ళు. డెబ్భై ఒకటీ తొమ్మిదీ ఎనభై. ఇద్దరిలో ఒకరు ఉండరు. ఆ మిగిలినవాడికి ఆపరేషన్ అయ్యి మత్తు దిగేటప్పుడు...

కుడి తలుపు వదిలేసి గరాజులోకి వెళ్ళాను.

ఫిల్టరు తిప్పి వెలుతురులో పెట్టి చూశాను. మూతి చుట్టూ గాడి ఉంది, శుభ్రంగా, ఖాళీగా. రింగు లేదు. ఊడి పాన్‌లో పడిందేమో, పడొచ్చు, ఒక్కోసారి పడుతుంది. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఆ నల్లటి ఆయిల్లో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది, చిక్కగా ఉంది, మొదటిసారి అత్తవారికోసం నేను చేసి పాడుచేసిన కస్టర్డు సరిగ్గా ఇలాగే ఉంది. అడుగంతా తడిమాను, ఒక వాషర్ దొరికింది, పాతది, నట్టుది. మళ్ళీ తడిమాను, అంచు వెంట, గుండ్రంగా. మా పిన్ని ఒకసారి ఇలాగే పిండిలో ఉంగరం వెతికింది, దొరికింది. నాకు దొరకలేదు. అరచెయ్యి ఆ పాన్ అడుగున ఆనించి కొంచెంసేపు అలాగే కూర్చున్నాను. బయట డ్వేన్ కారు కింద నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. సాకులన్నీ ఒక్కొక్కటే పీకేశానే, ఈ ఒక్కదాన్ని మాత్రం స్వయంగా నా చేత్తో బిగించి, బాగా చేశావు అనిపించుకుని, పంపించాను.

ఫోన్ చేయగలిగింది ఒక్క చోటికే. ఆ నంబరు నాకు నోటికి వచ్చు, తొమ్మిదేళ్ళుగా ఒక్కసారీ చేయలేదు. చేస్తే ఓరిన్ రహస్యం బయటపడుతుంది, వాకర్ దగ్గర వెనక్కి తిరిగే దారి తనకి ఉండదు, అటునుంచి వెర్నర్ రావద్దని చెప్పమన్నాడనుకో, ఆ మాట మోసేది నేనే. చేయకపోతే ఇంజను. ఇంజను ఒక్కటే కాదు. చేతికి గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టుకుని వంటింటి ఫోన్ పట్టుకున్నాను. రెండోసారి మోగుతుండగా ఆర్డిస్ ఎత్తింది.

"ఆర్డిస్, నేను, మార్లిస్‌ని."

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు. ఓరిన్ మీ ఇంటికొస్తున్నాడు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడు. "ఈ రోజా? ఈ ఇంట్లోకా? మార్లిస్, నేను తివాచీలన్నీ బయట వేశాను."

"తివాచీలు చూడ్డానికి కాదులే. వెర్నర్ ఉన్నాడా, ఒకసారి పిలువు. నేనొక వెధవ పని చేశాను."

వెర్నర్ గొంతు ఓరిన్ గొంతే, కాస్త పొడిగా ఉంటుంది, అది మరిచిపోయాను. అంతా ఒక్క బిగిన చెప్పేశాను, ఫిల్టరు, రింగు, పాన్, డాష్‌బోర్డు అరలో ఫోన్. ఆ చివర ఎవరో వింటున్నారని ఊపిరిని బట్టి తెలుస్తోంది.

"రింగు మీద రింగు," అన్నాడు.

"అవును."

"బిగించింది ఎవరు?"

"నేనే. తనకి తుంటి బాలేదు. పక్కనుంటే పొమ్మన్నాను."

"వాడు పోయాడా?"

"వంటింట్లోకి."

"ఊఁ. అయితే నిజంగానే బాలేదు." ఏదో వెతుకుతున్నాడు, సొరుగులు తెరుచుకుంటున్నాయి. "ఎప్పుడు బయల్దేరాడు?"

"ఎనిమిదింటికి."

"యాభై అయిదులోనే వస్తాడా ఇప్పటికీ?"

"ఇప్పటికీ."

"అయితే ఇంకా హాకెన్‌శాక్ చేరి ఉండడు. కారు నాకు తెలీదు. ఏది?"

"నీలం రంగు. నాలుగు తలుపులు." ఇంకేం చెప్పాలో తోచలేదు, నీలం కార్లు ఎన్ని లేవు. "నిన్న కడిగి మైనం పట్టించాను."

"అయితే చాలు," అన్నాడు వెర్నర్. "ఈ నెలలో ఆ రోడ్డు మీద పోయేవన్నీ ఉప్పు రంగువే. మెరిసేది ఒకటే ఉంటుంది." తాళాల చప్పుడు. "ఆయిలు అయిదు లీటర్లున్నాయి నా దగ్గర. సరే." ఫోన్ పెట్టేశాడో ఆర్డిస్ చేతికిచ్చాడో తెలియలేదు, కొంచెంసేపటికి ఆర్డిస్ గొంతు వినిపించింది. "టోపీ లేకుండా పోయాడు," అంది. ఆ తర్వాత మా ఇద్దరికీ చెప్పుకోవడానికి తొమ్మిదేళ్ళ కబుర్లున్నాయి, ఇద్దరం కలిసి ఒక్కటీ చెప్పుకోలేదు. తివాచీలు లోపల వేసుకుంటానంది. వేసుకో అన్నాను.

ఆయిలు అంటిన చేతికి మామూలు సబ్బు పనిచేయదు. పంచదార, గిన్నెల సబ్బు కలిపి రుద్దుకోవాలి, పంచదార గరుకు గోళ్ళ సందుల్లోకి పోయి నలుపుని లాక్కొస్తుంది. రుద్దుకున్నాను, మూడుసార్లు, గోళ్ళ సందుల్లోని నలుపు పోలేదు, అది వారం ఉంటుంది, రేపు చర్చిలో చేతితొడుగులు వేసుకోవాలి, ఏప్రిల్లో చేతితొడుగులేంటని అందరూ అడుగుతారు. తొమ్మిదీ ఇరవై. ఇద్దరూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా వస్తున్నారు, ఒకడికి తెలుసు, ఒకడికి తెలీదు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళాను, వదిలేసిన కుడి తలుపు మీద నురగ అప్పటికే ఎండి తెల్లగా పొలుసు కట్టింది, దాన్ని మళ్ళీ తడిపి మొదట్నుంచీ చేశాను. డ్వేన్ చూస్తున్నాడు. "అది కడిగావుగా" అన్నాడు. "మళ్ళీ కడుగుతున్నాను." "ఏమైనా జరిగిందా?" "ఏమీ లేదు." లేచి వచ్చి ఏమీ అడక్కుండా నా బకెట్లో నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పట్టి పెట్టి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. చక్రాలు. ఒక్కో చువ్వ మధ్యా వేలు పెట్టి. పదింటికి తువ్వాలుతో తుడిచాను, రుద్దకుండా, పైన పరిచి లాగాలి, నీళ్ళని అదే పీల్చుకుంటుంది. పదీ ఇరవైకి కారుని ఇంటి నీడలోకి జరిపి మైనం డబ్బా తీశాను, ఈ కారుకి ఎన్నడూ ఎవరూ మైనం పట్టించలేదు, ఇది అంగడికి పోయే కారు, దీనికేం అవసరం అనేవాడు ఓరిన్. పలచగా, చిన్న చిన్న గుండ్రాలుగా. పదీ నలభై అయిదు, ఇంకా ఏమీ లేదు, ఎర్ర దీపం వెలగకముందే కలిశారేమో, వెలిగాక కలిశారేమో, కలవకుండా ఒకరినొకరు దాటిపోయారేమో, నీలం కారు మీద దారి పొడుగునా బురద చిమ్మి అది కూడా మిగతావాటిలాగే అయిపోయిందేమో. పదకొండు. మైనం మసకగా ఆరింది. తుడుస్తుంటే తలుపులో ఒక ఆడమనిషి కనిపించింది, జుట్టు రేగిపోయి, చెంప మీద నల్లటి గీతతో. ఆవిడెవరో నేను చూడదలచుకోలేదు.

పదకొండూ ఇరవైకి ఫోన్ మోగింది. బెమిడ్జీ నంబరు.

"మార్లిస్," అన్నాడు ఓరిన్.

"ఊఁ."

"రింగు మీద రింగు."

"తెలుసు. ఇంజను?"

"బాగానే ఉంది. హాకెన్‌శాక్ దాటాక దీపం వెలిగింది, అక్కడికక్కడే ఆపేశాను. ఆపి దిగితే వెనక రోడ్డంతా నల్లటి గీత. కూర్చుని చూస్తున్నా. ఓ పది నిమిషాలకి ఎదురుగా ఒక పికప్ వచ్చి, దాటిపోయి, మళ్ళీ తిరిగి వచ్చింది. వాడు దిగి, ఫిల్టరా అన్నాడు. ఫిల్టరేనేమో అన్నాను. కార్డుబోర్డు పరుచుకుని కిందికి దూరాడు."

"నువ్వేం చేశావు?"

"వాడి కాళ్ళు రోడ్డు మీదికి వచ్చాయి. కలప లారీలు పోతున్నాయి అటు. కాళ్ళకీ రోడ్డుకీ మధ్యన నిలబడ్డాను."

అలా ఎంతసేపు అని నేను అడగలేదు. ఫిల్టరు విప్పి, రింగు గీకి తీసి, మళ్ళీ బిగించి, ఆయిలు పోయడానికి ముప్పావుగంట. ముప్పావుగంట రోడ్డు అంచున, ఆపరేషన్ నాటి చేతికర్ర మీద ఆనుకుని, లారీల వైపు మొహం పెట్టి.

"ఏం మాట్లాడుకున్నారు?"

"రింగు గురించి. వాడూ ఒకసారి ఇదే చేశాడట, స్కూలు బస్సుకి." అవతల ఎవరో ఏదో అన్నారు, ఓరిన్ ఫోన్ పక్కకి పెట్టి "ఆ, చెబుతున్నాలే" అన్నాడు. మళ్ళీ నాతో, గొంతు తగ్గించి, "నేనూ చేశాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"పాత ఆకుపచ్చ కారుకి. నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు. నీకు చెప్పలేదు."

నలభై ఒక్కేళ్ళు. నిన్న వంటింటి తలుపు దగ్గర నిలబడి రింగు వచ్చిందా అని అడగడానికి కారణం అదన్నమాట. తిట్టాలనిపించింది, కానీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను.

"మధ్యాహ్నం భోజనానికి ఇక్కడే ఉంటున్నా," అన్నాడు.

మా వైపు ఒక పద్ధతుంది. భోజనానికి ఉండమంటే అబ్బే వద్దంటాం, మళ్ళీ అంటే నిజంగానే వద్దంటాం, మూడోసారి అన్నాక, మీరంతగా అంటున్నారు కాబట్టి అని కోటు విప్పుతాం. ఓరిన్ నాలుగోసారి దాకా లాగుతాడు, ఒక్కోసారి ఆకలితోనే ఇంటికొచ్చేస్తాడు.

"ఎన్నోసారికి ఒప్పుకున్నావు?" అని అడిగాను.

వెనకాల గిన్నెలు, ఆర్డిస్ దేన్నో ఎక్కడో వెతుకుతున్న చప్పుడు, ఇద్దరు మగవాళ్ళలో ఒకడు దగ్గాడు.

"వాళ్ళింకా అడగలేదు," అన్నాడు.